ఎంజీబీ 18జీబీ ఇంజిన్: రెండు కార్బరేటర్లూ రెండు రకాలుగా ఉన్నాయి, ఏ భాగాలు తెప్పించాలి?

క్రోమ్‌బంపర్

అందరికీ నమస్కారం. నాది 1967 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంజిన్ నంబర్ 18జీబీతో మొదలవుతుంది, 1798 సీసీ. కార్బరేటర్లు జంట ఎస్‌యూ హెచ్‌ఎస్4.

బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది. వేడెక్కాక ఐడ్లింగ్ నిలవదు. ఒకసారి నిమిషానికి 600 తిప్పులకి పడిపోతుంది, ఒకసారి రేసు ఇచ్చి వదిలితే 1500 దగ్గరే ఆగిపోయి కిందికి దిగదు. ప్లగ్గులు తీసి చూస్తే 1, 2 లేత గోధుమ రంగులో ఉన్నాయి. 3, 4 మాత్రం నల్లగా మసిపట్టి ఉన్నాయి.

ఆదివారం రెండు సక్షన్ చాంబర్లూ (పిస్టన్ మీద బోర్లించినట్టుండే మూతలు) తీశాను. ముందు దాంట్లో నీడిల్ (జెట్ అనే పెట్రోలు గొట్టంలోకి దిగే సూది) పిస్టన్‌కి గట్టిగా బిగిసి ఉంది. వెనక దాంట్లో నీడిల్‌ని వేలితో తోస్తే పక్కకి కదులుతోంది, దాని మొదట్లో చిన్న స్ప్రింగ్ ఉంది. గాలి దారిని మూసి తెరిచే వెనక థ్రాటిల్ డిస్క్‌కి కూడా ఒక చిన్న వాల్వ్ ఉంది, ముందు దానికి అలాంటిదేమీ లేదు. ఫ్లోట్ చాంబర్ మూత మీద అల్యూమినియం ట్యాగ్ ముందు దానికే ఉంది.

"ఎంజీబీ హెచ్‌ఎస్4 రీబిల్డ్ కిట్" అని ఒకటి దొరుకుతోంది, అన్ని సంవత్సరాలకీ సరిపోతుందని రాసుంది. అది తెప్పించేస్తే సరిపోతుందా? నీడిల్, జెట్, స్ప్రింగ్ విడిగా ఎంచుకోవాలా?

స్పానర్ బాబాయ్

తమ్ముడూ, ఆ కిట్ ఇప్పుడే తెప్పించకు. నువ్వు చెప్పిన దాన్ని బట్టి నీ వెనక కార్బరేటర్ నీ బండిది కాదు. 1968 తర్వాత వచ్చిన, పొగ నియంత్రణ నిబంధనల కోసం మార్చిన రకం అది. డిస్క్‌లో ఉన్న ఆ వాల్వ్ దానికి గుర్తు. కాలు తీసేసినప్పుడు మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ బాగా పెరిగి పెట్రోలు సరిగ్గా కాలదు. అలాంటప్పుడు కాస్త మిక్చర్ లోపలికి వెళ్లడానికి అది తెరుచుకుంటుంది. దాని స్ప్రింగ్ నీరసిస్తే మామూలు ఐడ్లింగ్‌లో కూడా తెరుచుకుని ఉండిపోతుంది. నీ రేసు 1500 దగ్గర ఆగిపోవడానికి ముందు దాన్నే అనుమానించాలి.

కదిలే నీడిల్ కూడా ఆ తర్వాతి కాలానిదే. దాన్ని స్ప్రింగ్ ఎప్పుడూ జెట్ గోడకి ఒకవైపు ఆనించి ఉంచుతుంది. నీ ముందు కార్బరేటర్‌లోది పాత పద్ధతి, నీడిల్ జెట్‌కి సరిగ్గా నడిమధ్యన నిలబడాలి.

ఇక ప్లగ్గులు. ఈ ఇంజిన్ హెడ్‌లో ఇన్‌టేక్ పోర్టులు రెండే. 1, 2 సిలెండర్లు ఒకటి పంచుకుంటాయి, 3, 4 ఇంకొకటి. అంటే ముందు కార్బరేటర్ మొదటి రెండింటికి, వెనకది చివరి రెండింటికి. నీ ప్లగ్గులు వేలెత్తి చూపిస్తున్నది వెనక కార్బరేటర్‌నే.

"హెచ్‌ఎస్4" అనేది ఒక్క కొలతే చెబుతుంది. అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులు అన్నదే ఆ అంకె. 2 అంటే అంగుళంపావు, 4 అంటే అంగుళంన్నర, 6 అంటే అంగుళం ముప్పావు. ఆ బోరుతో ఎన్నో బండ్లకి హెచ్‌ఎస్4 వచ్చింది. ఒక్కో బండికి లోపలి నీడిల్, స్ప్రింగ్, జెట్, డిస్క్ వేరు. అసలు స్పెసిఫికేషన్ ఏంటో చెప్పేది ట్యాగ్ మీద ఏయూడీ తర్వాత ఉండే నంబర్. ట్యాగ్ పోయిన కార్బరేటర్‌ని విప్పి కొలవడం తప్ప దారి లేదు.

ముందు నాకు నాలుగు విషయాలు చెప్పు. స్పిండిళ్లు, అంటే థ్రాటిల్ డిస్కులు తిరిగే ఇరుసులు, ఆడుతున్నాయా? పిస్టన్ స్ప్రింగుల చివర ఏ రంగు ఉంది? డ్యాంపర్ (పిస్టన్ ఒక్కసారిగా లేవకుండా నూనెతో ఆపేది) మూతల మీద చిన్న రంధ్రం ఉందా? వెనక కార్బరేటర్ బాడీకి పక్కన పైపు పెట్టుకునే ముక్కు ఏదైనా ఉందా?

వెబర్_వీరుడు

ఇంత తంటా ఎందుకు బ్రదర్, రెండూ తీసేసి ఒక్క వెబర్ 45 డీసీఓఈ కార్బరేటర్ పెట్టెయ్. లెక్క సులువు. మెయిన్ జెట్ సుమారుగా చోక్ (లోపల గాలి దారి సన్నబడే చోటు) సైజుకి నాలుగు రెట్లు, ఎయిర్ కరెక్టర్ దానికి 50 ఎక్కువ. 36 చోక్ అయితే 145 మెయిన్, 195 ఎయిర్. అక్కడ మొదలుపెట్టి ట్యూన్ చేసుకుంటూ పో.

లేత్_అక్క

వెబర్ మంచి కార్బరేటరే, కాదనను. కానీ ఆ లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే. ఆ తర్వాత ఎమల్షన్ ట్యూబ్, ఐడిల్ జెట్, పంప్ జెట్ అన్నీ ఆ ఇంజిన్‌కి కుదిరేదాకా మార్చుకుంటూ పోవాలి. మానిఫోల్డ్, లింకేజ్, ఎయిర్ ఫిల్టర్ మారతాయి. క్యామ్ మార్చి, హెడ్ పని చేయించిన ఇంజిన్‌కి ఆ శ్రమ తగినదే. ఈయనది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న ఇంజిన్. ఎస్‌యూలో పిస్టన్ గాలిని బట్టి తనే లేస్తుంది, నీడిల్ కూడా దాంతోనే లేస్తుంది. రెండూ ఒకే రకంగా ఉంటే ఈ ఇంజిన్‌కి అంతకన్నా మృదువుగా నడిపేది లేదు.

క్రోమ్‌బంపర్ గారూ, బాబాయ్ గారు అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు ఎలా తెలుసుకోవాలో నేను చెబుతాను. నీడిళ్ల గురించి ఆలోచించే ముందు ఇది తేలాలి.

లింకేజ్ విప్పేసి, స్పిండిల్ చివర పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. తిప్పడం కాదు, అడ్డంగా కదపాలి. చేతికి టిక్ టిక్ మని తెలిసిందంటే అరిగినట్టే. అక్కడి నుంచి గాలి డిస్క్ దాటాక లోపలికి దూరుతుంది. ఆ గాలి పిస్టన్ కింద నుంచి రాదు కాబట్టి దానికి తగ్గ పెట్రోలూ రాదు. ఐడ్లింగ్ పలచబడుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు ఉండదు, సరిచేయడానికి ఎవరో జెట్ కిందికి దించుతారు, అప్పుడు మిగతా రేసు అంతా చిక్కబడి ప్లగ్గులు నల్లబడతాయి. మీ వెనక ప్లగ్గుల కథ ఇదే కావచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా కార్బ్ క్లీనర్ కొట్టి రేసు మారుతుందేమో చూడమని చాలామంది చెబుతారు. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కూడా అదే వైపు, కార్బరేటర్ల కిందే ఉంటుంది. దయచేసి అలా చేయకండి, మంట అంటుకుంటుంది. చేత్తో ఆడించి చూస్తే చాలు.

ఆడుతూ ఉంటే స్పిండిల్ బయటికి తీసి, డిస్క్ ఉండే నడిమి చోట ఒకసారి, బాడీలో తిరిగే చోట ఒకసారి మైక్రోమీటర్‌తో కొలవండి. అసలు సైజు అంగుళంలో 5/16. స్పిండిల్ మాత్రమే అరిగితే కొత్తది వేస్తే సరిపోతుంది. బాడీ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి పోయి ఉంటే కొత్త స్పిండిల్ వేసినా ఆడుతూనే ఉంటుంది. అప్పుడు రీమర్ పెట్టి అంగుళంలో 10 వేల వంతుల ఓవర్‌సైజు స్పిండిల్ వేయాలి, లేదా బుష్ చేయించాలి.

క్రోమ్‌బంపర్

బాబాయ్ గారూ, అక్కా, చాలా థ్యాంక్స్. ఇవాళ మళ్లీ విప్పాను.

ముందు స్పిండిల్ అసలు ఆడటం లేదు. వెనకది స్పష్టంగా ఆడుతోంది, లింకేజ్ వైపు ఎక్కువ. ముందు స్ప్రింగ్ చివర ఎరుపు కనిపిస్తోంది. వెనక దానికి రంగు ఏమీ మిగల్లేదు, పక్కపక్కన పెట్టి వేలితో నొక్కితే ముందుదాని కన్నా మెత్తగా ఉంది. ముందు డ్యాంపర్ మూతకి రంధ్రం లేదు, వెనక దానికి ఉంది. వెనక బాడీకి ముక్కు ఉంది, దాని మీద రబ్బరు టోపీ. తీయబోతే చీలిపోయి చేతిలోకి వచ్చింది.

వెనక జెట్ బ్రిడ్జ్ (పిస్టన్ కింద జెట్ పైకి తేలే గట్టు) కన్నా చాలా కిందికి దించి ఉంది, ముందుదానికి దాదాపు రెట్టింపు లోతు.

స్పానర్ బాబాయ్

ఇప్పుడు బొమ్మ పూర్తయింది. ఆ ముక్కు క్రాంక్‌కేస్ పొగని లాక్కోవడానికి పెట్టినది, 1969 మోడళ్ల నుంచి వచ్చింది. నీ 18జీబీలో ఆ పని మానిఫోల్డ్ మీద ఉన్న గుండ్రటి పీసీవీ వాల్వ్ చేస్తుంది. ఒకే పనికి రెండూ ఉండక్కర్లేదు. చీలిన టోపీ గుండా గాలి, అరిగిన స్పిండిల్ గుండా గాలి, నీరసించిన డిస్క్ వాల్వ్ గుండా ఇంకొంచెం. ఇన్నిటినీ కప్పిపుచ్చడానికే జెట్ అంత కిందికి దించారు.

ఆ బాడీని బాగు చేయించడం మీద ఖర్చు పెట్టకు. నీ ముందుదానికి జోడీ అయ్యే 1964-67 రకం వెనక హెచ్‌ఎస్4 ఒకటి వెతుకు. పూర్తి కార్బరేటర్ అడుగు, బాడీ, చాంబర్, పిస్టన్ మూడూ కలిసి ఉన్నది. ఎందుకో చెబుతాను.

సక్షన్ చాంబరూ పిస్టనూ ఫ్యాక్టరీలో ఒకదానికొకటి చూసి జత చేసినవి. వాటి మధ్య సందు ఎంత ఉందో దాన్ని బట్టే పిస్టన్ లేచే తీరు ఉంటుంది. ఒకదాని పిస్టన్ ఇంకోదాని చాంబర్లో పెడితే పట్టేయొచ్చు, లేదా గాలి ఎక్కువ జారిపోవచ్చు. కొనే ముందు పరీక్ష చేసుకో. డ్యాంపర్ పెట్టి, పిస్టన్ కింద ఉన్న చిన్న రంధ్రాలు మూసి, పిస్టన్‌ని చాంబర్లోకి పూర్తిగా తోసి, రెండింటినీ తలకిందులు చెయ్. పిస్టన్ పట్టుకుని చాంబర్‌ని కిందికి జారనివ్వు. అది బెంచీ మీద పడకుండా రెండో చెయ్యి కింద ఉంచు. ఈ సైజుకి 5 నుంచి 7 సెకన్లలో దిగాలి. రెండు కార్బరేటర్ల టైమూ దగ్గర దగ్గరగా ఉండాలి. తేడా వస్తే ముందు రెండింటినీ సాల్వెంట్‌తో కడిగి మళ్లీ చూడు. ఎమెరీ పేపర్ మాత్రం పొరపాటున కూడా పెట్టకు.

నీడిల్ విషయం. 1964 నుంచి 67 దాకా ఈ ఇంజిన్‌కి స్టాండర్డ్ నీడిల్ 5 నంబర్. దానికన్నా చిక్కనిది 6, పలచనిది 21. ఎయిర్ ఫిల్టర్ అసలుదే, క్యామ్ అసలుదే అయితే 5 తప్ప వేరేది వద్దు. రెండూ ఒకేసారి కొత్తవి వెయ్. జెట్ 0.090 అంగుళాలది. స్ప్రింగ్ రెండింటికీ ఎరుపు, అంటే నాలుగున్నర ఔన్సులది. నీలం రెండున్నర, పసుపు ఎనిమిది, ఆకుపచ్చ పన్నెండు. మెత్తటి స్ప్రింగ్ వేస్తే పిస్టన్ తొందరగా లేచి గాలి వేగం పడిపోతుంది, జెట్ నుంచి పెట్రోలు తక్కువ లాగుతుంది. గట్టిది వేస్తే అదే రేసు దగ్గర చిక్కబడుతుంది. అంటే స్ప్రింగ్ మార్చావంటే నీడిల్ మార్చినట్టే లెక్క.

నిశ్శబ్ద_సిలెండర్

బాబాయ్ గారితో ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. కదిలే నీడిల్ పద్ధతే మేలు కదా? సెంటరింగ్ చేసే పని ఉండదు. ముందుదాన్ని కూడా అలా మార్చుకుంటే రెండూ ఒక జత అవుతాయి. ఏఏఈ లాంటి నీడిళ్లు దొరుకుతాయి.

స్పానర్ బాబాయ్

రెండు పద్ధతులూ మంచివే, జత ఒకటే రకం అయినంతవరకూ నాకు పట్టింపు లేదు. కానీ నీడిల్ ఒక్కటి మారిస్తే అది అయిపోదు. కదిలే నీడిల్‌కి పిస్టన్‌లో గైడూ స్ప్రింగూ పట్టే పెద్ద రంధ్రం ఉండాలి, బిగించే స్క్రూ వేరు. పిస్టన్ మారితే దాని చాంబర్ కూడా మారాలి. కింద జెట్ బేరింగ్ కూడా వేరే, ఎందుకంటే అక్కడ జెట్ పక్కకి జరగాల్సిన అవసరం లేదు. గైడ్ మీద గీత ఉంటుంది, దాన్ని సరైన దిక్కుకి పెట్టకపోతే నీడిల్ తప్పు వైపు ఆనుకుంటుంది. ఈయన దగ్గర ముందు కార్బరేటర్ చక్కగా, ట్యాగ్‌తో సహా ఉంది. దాన్ని కదిలించడం ఎందుకు? బాగాలేనిదాన్ని బాగున్నదానికి జోడీ చేద్దాం.

నిశ్శబ్ద_సిలెండర్

జెట్ బేరింగ్ సంగతి నేను ఆలోచించలేదు. అలా అయితే పాత రకమే సరి.

లేత్_అక్క

ఆర్డర్ పెట్టేటప్పుడు గమనించాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి.

హెచ్‌ఎస్‌లో జెట్‌కీ ఫ్లోట్ చాంబర్‌కీ మధ్య నైలాన్ గొట్టం ఉంటుంది. జంట కార్బరేటర్లలో ఫ్లోట్ చాంబర్ ఒకదానికి ఒక పక్క, రెండోదానికి ఇంకో పక్క. అందుకని ముందు జెట్, వెనక జెట్ వేరు వేరు. "ఎంజీబీ జెట్ రెండు" అని అడిగితే ఒకే రకం రెండు వచ్చే ప్రమాదం ఉంది. పొట్టి గొట్టాన్ని లాగి బిగిస్తే జెట్ పక్కకి వంగి నీడిల్‌కి రాసుకుంటుంది, పొడుగు గొట్టం మడత పడుతుంది. గొట్టం చివర రబ్బరు గ్లాండ్, వాషర్, నట్ ఏ వరసలో ఉన్నాయో పాతవి తీసేటప్పుడే ఫోటో తీసుకోండి.

ఫ్లోట్ చాంబర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు ముక్క ఉంటుంది, దానికి ఒక వాలు ఉంటుంది. మానిఫోల్డ్ ఏ కోణంలో ఉంటే దానికి తగ్గ వాలు. వేరే బండి కార్బరేటర్ నుంచి వచ్చిన ముక్క పెడితే ఫ్లోట్ చాంబర్ నిటారుగా నిలబడదు, పెట్రోలు మట్టం తప్పుతుంది. పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూసుకోండి.

డిస్క్ స్క్రూలు పాతవి మళ్లీ వాడకండి. వాటి చివర చీలి ఉంటుంది, బిగించాక విప్పదీయాలి. రెండోసారి విప్పదీస్తే విరుగుతుంది. విరిగిన ముక్క వెళ్లేది సిలెండర్లోకే. డిస్క్‌ని కొత్త స్పిండిల్లో పెట్టాక స్క్రూలు లూజుగా ఉంచి, థ్రాటిల్ రెండు మూడు సార్లు టపటపా మూయండి, డిస్క్ తనంత తాను బోరులో కుదురుకుంటుంది. అప్పుడు వెలుతురుకి ఎత్తి చూస్తే అంచు చుట్టూ కాంతి గీత ఎక్కడా కనిపించకూడదు, కనిపిస్తే చుట్టూ సమానంగా ఉండాలి. ఆ తర్వాతే బిగించండి.

పెట్రోల్_చుక్క

మంచి చర్చ. పంపు గురించి ఎవరూ అడగలేదు. క్రోమ్‌బంపర్ గారూ, పెట్రోలు పంపు అసలు ఎస్‌యూదేనా, లేక ఎవరైనా మార్చారా? ఎస్‌యూ ఫ్లోట్ నీడిల్ సుమారు 3 పీఎస్‌ఐ వరకే తట్టుకుంటుంది. ఈ మధ్య పెట్టే ఎలక్ట్రానిక్ పంపులు కొన్ని 4 నుంచి 6 పీఎస్‌ఐ ఇస్తాయి. అలాంటిది ఉంటే ఎన్ని జెట్లు మార్చినా ఫ్లోట్ చాంబర్ పొంగి వెనక ప్లగ్గులు మళ్లీ నల్లబడతాయి. రెగ్యులేటర్ పెట్టుకోవాలి.

మీ పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంటే హోసులు, ఫ్లోట్ నీడిల్ చివరి రబ్బరు కూడా దానికి తట్టుకునేవే తీసుకోండి. నీడిల్‌కి వైటాన్ చివర, హోసుకి ఎస్‌ఏఈ జే30 ఆర్9 ముద్ర ఉండాలి. పాత రబ్బరు హోసు పైకి బాగానే ఉంటుంది, లోపల మాత్రం రేకులుగా ఊడి ఆ ముక్కలు ఫ్లోట్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. మామూలు పెట్రోలుకి గాలి నిష్పత్తి 14.7, పది శాతం ఇథనాల్ ఉంటే 14.1 దగ్గర. అంటే అదే సెట్టింగ్ కాస్త పలచబడుతుంది. జెట్ ఒకటి రెండు ఫ్లాట్లు (అడ్జస్టింగ్ నట్‌కి ఉన్న ఆరు పక్కల్లో ఒక్కోటి ఒక ఫ్లాట్) దించితే సరిపోతుంది, దానికోసం నీడిల్ మార్చనక్కర్లేదు.

క్రోమ్‌బంపర్

పంపు అసలు ఎస్‌యూదే, గేజ్ పెట్టి చూస్తే 3 లోపే ఉంది. హోసులు మాత్రం ముద్ర లేనివి, మార్చేస్తాను.

ట్యాగ్ ఉన్న 1964-67 వెనక కార్బరేటర్ ఒకటి దొరికింది. స్పిండిల్ ఆడటం లేదు, డిస్క్‌కి వాల్వ్ లేదు, ముక్కు లేదు. పరీక్షలో చాంబర్ 6 సెకన్లకి దిగింది, నా ముందుది కూడా కడిగాక దాదాపు అంతే. 5 నంబర్ నీడిళ్లు, ముందు వెనక జెట్లు విడివిడిగా, ఎర్ర స్ప్రింగులు, వైటాన్ ఫ్లోట్ నీడిళ్లు, ఇన్సులేటర్ బ్లాక్‌కి రెండు వైపులా గ్యాస్కెట్లు ఆర్డర్ పెట్టాను.

నీడిల్ ఎంత లోపలికి పెట్టాలి? సెంటరింగ్ ఎలా చేయాలో కాస్త వివరంగా చెప్పండి.

స్పానర్ బాబాయ్

నీడిల్ భుజం, అంటే సన్నబడటం మొదలయ్యే చోటు, పిస్టన్ అడుగు అంచుకి సరిసమానంగా ఉండాలి. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూడు. లోపలికీ వద్దు, బయటికీ వద్దు.

సెంటరింగ్‌కి తొందర పనికిరాదు. జెట్ చుట్టూ ఉన్న పెద్ద లాకింగ్ నట్‌ని అర తిప్పు లూజు చెయ్. జెట్ పూర్తిగా పైకి తోసి పట్టుకో. డ్యాంపర్ తీసేసి, పై నుంచి పెన్సిల్ లాంటిది పెట్టి పిస్టన్‌ని మెల్లగా కిందికి అదుము. నీడిల్ దిగుతూ జెట్‌ని తన చుట్టూ తనే సర్దుకుంటుంది. అలా అదిమి ఉంచే నట్ బిగించు. ఇప్పుడు పిస్టన్ వేలితో అర అంగుళం లేపి వదిలితే బ్రిడ్జ్ మీద పడి "టక్" మని లోహం శబ్దం రావాలి. జెట్ కిందికి దించి మళ్లీ వదులు. రెండు సార్లూ అదే శబ్దం, అదే చురుకు ఉండాలి. జెట్ కింద ఉన్నప్పుడే టక్ మని, పైన ఉన్నప్పుడు మెత్తగా ఆగితే సెంటర్ తప్పినట్టే, మళ్లీ చెయ్. ఒక్కోసారి నట్ బిగించేటప్పుడే జెట్ పక్కకి జరుగుతుంది. విసుక్కోకుండా మళ్లీ లూజు చేసి మొదలుపెట్టు.

మొదటి సెట్టింగ్‌కి జెట్ బ్రిడ్జ్‌తో సమానంగా తెచ్చి, అడ్జస్టింగ్ నట్ 12 ఫ్లాట్లు, అంటే రెండు తిప్పులు, కిందికి దించు. ఫ్లోట్ విషయంలో మూత తలకిందులు చేసి, ఫ్లోట్ తన బరువు మీద ఆనినప్పుడు దానికీ మూత అంచుకీ మధ్య 1/8 నుంచి 3/16 అంగుళం సందు ఉండాలి. డ్రిల్ బిట్ వెనక భాగం దూర్చి చూసుకోవచ్చు.

క్రోమ్‌బంపర్

అంతా బిగించాను. సెంటరింగ్ వెనకదానికి కాస్త మొండికేసింది, చివరికి రెండూ టక్ మన్నాయి. గాలి ప్రవాహం మీటర్ పెట్టి రెండు కార్బరేటర్లూ సమం చేశాను. 800 దగ్గర ఐడ్లింగ్ నిలిచింది, రేసు వదిలితే ఆగకుండా కిందికి దిగుతోంది. లిఫ్టింగ్ పిన్ (పిస్టన్‌ని కింద నుంచి లేపే పిన్) కొద్దిగా ఎత్తితే ముందుదానికి రేసు కాస్త పెరిగి మళ్లీ మామూలుకి వచ్చింది. వెనకదానికి పెరిగి అలాగే ఉండిపోయింది.

ఒక సందేహం. కొత్తగా వచ్చిన కార్బరేటర్ డ్యాంపర్ మూతకి రంధ్రం ఉంది, నా ముందుదానికి లేదు. మార్చాలా?

లేత్_అక్క

పెరిగి ఉండిపోయిందంటే వెనకది ఇంకా చిక్కగా ఉంది. అడ్జస్టింగ్ నట్ ఒక్కో ఫ్లాట్ చొప్పున పైకి తిప్పుతూ, ప్రతిసారీ రెండు కార్బరేటర్లూ మళ్లీ పరీక్షించండి. రెండింటికీ మధ్య బ్యాలెన్స్ పైపు ఉంది కాబట్టి ఒకటి మారితే రెండోది కూడా కొద్దిగా కదులుతుంది.

స్పానర్ బాబాయ్

మూత మార్చే ముందు చాంబర్ మెడ చూడు. మెడకి అడ్డంగా రంధ్రం తొలిచి ఉంటే అది దుమ్ము చొరబడని రకం, దానికి రంధ్రం లేని మూత పెట్టాలి. అడ్డ రంధ్రం లేకపోతే మూతకే రంధ్రం ఉండాలి. గాలి దారి ఎక్కడో ఒకచోటే ఉండాలి. రెండు చోట్లా ఉంటే బయటి గాలి లోపలి వ్యాక్యూమ్‌ని చెడగొడుతుంది, ఎక్కడా లేకపోతే పిస్టన్ సరిగ్గా కదలదు. నీ రెండు చాంబర్లూ రెండు రకాలైనా ఫరవాలేదు, ఎవరి మూత వాళ్లకి ఉంటే చాలు.

నూనె మట్టం మాత్రం రకాన్ని బట్టి మారుతుంది. రంధ్రం లేని మూతకి ఒక మట్టం, రంధ్రం ఉన్న మూతకి ఇంకో మట్టం, మాన్యువల్ చూసి పోసుకో. రెండింటికీ ఎస్‌ఏఈ 20 నూనె.

క్రోమ్‌బంపర్

చూశాను బాబాయ్ గారూ. వెనక చాంబర్‌కి అడ్డ రంధ్రం లేదు, కాబట్టి దాని మూత దానికే ఉంచాను. నూనె అలాగే పోశాను. జెట్ రెండు ఫ్లాట్లు పైకి తిప్పాక వెనకది కూడా పెరిగి మామూలుకి వస్తోంది. ఇవాళ కొంచెం దూరం నడిపి ప్లగ్గులు తీశాను. 3, 4 మీద పాత మసి పోతోంది, పింగాణీ కింది భాగం లేత రంగు తేలింది. ఇంకో వంద కిలోమీటర్ల తర్వాత నాలుగూ పక్కపక్కన పెట్టి ఫోటో ఇక్కడే పెడతాను.